వరసలోంచి తీసిన ఫొటో

విశాఖపట్నంలో కుర్రకారు పెట్టుకున్న ఒక ఫొటోల ప్రదర్శనకి మొన్న నన్ను పెద్దమనిషిగా పిలిచారు. అక్కడ విడి ఫొటోలు లేవు, అన్నీ వరసలే. ఒక్కొక్కరూ ఒక్కో విషయం పట్టుకుని పదేసి, పన్నెండేసి ఫొటోలు తీసి పక్కపక్కన తగిలించారు. ఒకమ్మాయి హార్బరులో చేపలు కోసే ఆడవాళ్ల కత్తిపీటలు మాత్రమే తీసింది. ఇంకొకతను వాళ్ల తాతగారు కళ్లజోడు ఇంట్లో ఎక్కడెక్కడ మరిచిపోతారో అదంతా తీశాడు. నేను నాలుగు ముక్కలు మాట్లాడాను. పత్రికలో పనిచేసినవాడికి ఏ విషయం మీదైనా నాలుగు ముక్కలు మాట్లాడడం కష్టం కాదు. ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ మధ్య జరిగిందేమిటో మనమే ఊహించుకోవాలి, అందుకే వరస ముందునించి కదలబుద్ధి కాదు అన్నాను. చప్పట్లు కొట్టారు. కత్తిపీటల అమ్మాయి లేచి, "సార్, ఇలాంటి సిరీస్ మీరు మొట్టమొదట ఎక్కడ చూశారు?" అని అడిగింది. "కాలేజీ లైబ్రరీలో, ఏదో విదేశీ పత్రికలో" అన్నాను. అబద్ధం నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చింది. నేను మొదట చూసింది అరకులో, మా సరస్వతి అత్తయ్య వంటింట్లో, పోస్టాఫీసువాళ్లు పారేసిన ఒక పాత రిజిస్టరులో. ఆ రిజిస్టరు అప్పటికి రెండు నెలలుగా మా ఇంట్లో బీరువాలోనే ఉంది. మాఘమాసంలో అత్తయ్య పోయాక, ఆవిడ చెల్లెలి కూతురు "ఇది మీకే ఇమ్మందండీ" అని తెచ్చి ఇచ్చింది. దానికి కట్టిన తాడు నేను విప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా కూర్చుని విప్పాను.

మావయ్య అరకులో పోస్టుమాస్టరు. నేను డిగ్రీ రెండుసార్లు తప్పి, మా నాన్న ఎదట పడలేక, విజయనగరం నించి కొండెక్కి ఆయన దగ్గర చేరాను. ముందుగది పోస్టాఫీసు, వెనక రెండు గదులూ వంటిల్లూ మా కాపురం. వానాకాలం నాలుగు నెలలూ ఆ ఇంట్లో ఏదీ పూర్తిగా ఆరేది కాదు. జాడీలో ఉప్పు నీరుకారిపోయేది. అగ్గిపెట్టె పొయ్యి గట్టు మీదే ఉండాలి, లేకపోతే పుల్ల వెలగదు. బట్టలన్నీ పొయ్యి మీద కట్టిన దండెం మీద ఆరేవి కాబట్టి, మావయ్య ఖాకీ చొక్కా దగ్గరా, నా దుప్పటి దగ్గరా, అత్తయ్య జుట్టు దగ్గరా ఒకటే పొగ వాసన. మాఘంలో ఊరంతా పసుపు ఉడకబెట్టేవారు. ఆ వాసన వారం రోజులు గొంతులో ఉండేది, తాగే నీళ్లు కూడా పసుపు రుచే అనిపించేవి. మావయ్య పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి జావ, తాగి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, పది అడుగులు నడిచి ఆఫీసుకి వెళ్లేవాడు. ఆ పది అడుగులకీ చెప్పులేసుకునేవాడు. ముద్రలు కొట్టే చప్పుడు వంటింట్లోకి వినిపించేది. అది ఆగితే అత్తయ్య అన్నానికి ఎసరు పెట్టేది. రైలులో వచ్చే పేపరు మాకు అందేసరికి ఒక పూట పాతబడేది. మావయ్య దాన్ని చివరి పేజీ నించి మొదలుపెట్టి చదివేవాడు. "మొదటి పేజీలో గొప్పోళ్లుంటారోయ్, మనోళ్లంతా ఎనకే" అనేవాడు.

అత్తయ్య దగ్గర ఒక డబ్బా కెమెరా ఉండేది. మిలటరీలో చేసిన వాళ్లన్నయ్య ఇచ్చినది. రీలుకి పన్నెండు ఫొటోలు. తీసిన రీలు విజయనగరం స్టూడియోకి వెళ్లి, కడిగి, అరచేతిలో పట్టేంత ఫొటోలై తిరిగి రావడానికి నెల పట్టేది. మా వైపు ఆడవాళ్లు కెమెరా ముందు నిలబడడమే గొప్ప, వెనక నిలబడడం నేనెక్కడా చూడలేదు. ఇంకా వింత ఏమిటంటే, ఆవిడ మనుషుల్ని నిలబెట్టి తీసేది కాదు. నేను వెళ్లిన కొత్తలో ఒక మధ్యాహ్నం, మైదాపిండి జిగురు కాస్తూ, రిజిస్టరు పేజీ మీద ఫొటోలు పేరుస్తోంది. శుక్రవారం సంతకి కొండల మీంచి దిగే ఆడవాళ్లు మా పెరటి గోడ దగ్గర బుట్టలు దించి అలుపు తీర్చుకునేవారు. అత్తయ్య ఆ బుట్టల్ని మాత్రమే తీసింది. పొద్దున్న దిగేటప్పుడు ఒకటి, సాయంత్రం ఎక్కేటప్పుడు ఒకటి, అలా ఆరు వారాలు. నేను నవ్వాను.

"ఏటత్తయ్యా, ఒక్క మనిషీ లేదు."

"ఉన్నారు, చూడు" అంది జిగురు కలుపుతూనే.

పొద్దుటి బుట్టల్లో పిప్పళ్లు, చింతపండు, చీపుర్లు. సాయంత్రం అవే బుట్టల్లో ఉప్పు, ఎండుచేపలు, ఒక కిరసనాయిలు సీసా. నాలుగో వారం ఫొటోల దాకా వస్తే గానీ నాకు తట్టలేదు. అంచు విరిగి నారతో కట్టిన ఒక బుట్ట అప్పటిదాకా ప్రతి ఫొటోలోనూ ఉంది. మూడు వారాలు ఆ బుట్ట పొద్దున్న ఎన్ని చీపుర్లతో దిగిందో సాయంత్రం అన్నింటితోనే ఎక్కింది. నాలుగో వారం సగమే మిగిలాయి. అయిదో వారం ఒక్కటీ లేదు. ఆ సాయంత్రం బుట్టలో ఉప్పు లేదు, చేపలు లేవు, ఒక చిన్న అద్దం ఉంది, అంతే. ఆరో వారం ఆ బుట్టే రాలేదు. నేను మళ్లీ మొదటి ఫొటోకి వెళ్లాను. ఇందాక చూసి వదిలేసిన విరిగిన అంచే ఇప్పుడు ముందు కనిపించింది. "ఎవరిదత్తయ్యా ఇది? ఎందుకు రాలేదు?" అని అడిగాను. "నాకూ తెలీదు. అందుకే కదా తీస్తన్నాను" అంది. అప్పటిదాకా ఫొటో అంటే నాకు దండేసుకున్న మంత్రిగారు. ఆ మధ్యాహ్నం తరవాత అత్తయ్య పాత వరసలన్నీ ఒక్కొక్కటే తీయించి చూశాను. ఆవిడకి చూపించడానికి నేను తప్ప ఎవరూ లేరు. మావయ్య ప్రేమగలవాడే, కానీ "బాగున్నాయే" అని తిరిగి ఇచ్చేసేవాడు. నేను ప్రశ్నలడుగుతుంటే ఆవిడ మొహం వెలిగేది. ఈ మాట రాయడానికి చెయ్యి ఆగుతోంది.

నేను అప్పటికే విశాఖపట్నం పత్రిక ఒకదానికి ఊరికే వార్తలు రాసి పంపుతుండేవాణ్ణి. బస్సులో కవరు పెట్టి కండక్టరుకి అప్పగించడం, రెండ్రోజుల తరవాత పేపర్లో వెతుక్కోవడం. నాలుగు పంపితే ఒకటి పడేది, దానికీ పేరుండేది కాదు. డెస్కులో పెద్దాయన ఒక కార్డు రాశాడు. 'కొండ మీద జాతర జరిగింది అని రాస్తే చదివేవాడు లేడు. జనం ఆగి చూసే ఫొటో ఉంటే పంపు. ఒక్కటే పంపు. బ్లాకు ఒక్కటే చేయిస్తాం.' ఆ రోజుల్లో ఫొటో అచ్చవ్వాలంటే దాన్ని జింకు రేకు మీదికి ఎక్కించి బ్లాకు చెయ్యాలి. ఒక వార్తకి రెండు బ్లాకులంటే చాలా పెద్ద వార్త అయ్యుండాలి. ఆ కార్డు జేబులో పెట్టుకుని నేను నెల తిరిగాను. ఫొటో పడితే పేరు పడుతుంది, పేరు పడితే ఉద్యోగం. నా ఊహంతా అదే.

చైత్రంలో ఇటుకల పండగ, కొండవాళ్ల వేట పండగ, వచ్చింది. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని రోజుల తరబడి వేటకి పోతారు. ఏదైనా కొట్టి తెస్తే ఊళ్లో ఆటా పాటా. వట్టి చేతులతో వస్తే ఆడవాళ్లు ముంతల్లో పేడనీళ్లు కలుపుకుని ఊరి మొదట్లోనే కాసుకుని ఉంటారు. పనసవలసలో ఆ పోసే ఆవిడ తడిసేవాడికి వదినో మరదలో అయి ఉండాలి. చెల్లెలు పోయకూడదు, కూతురు పోయకూడదు. పనసవలస మాకు మూడు మైళ్లు. అక్కడి బుద్రి ప్రతి శుక్రవారం అత్తయ్యకి విస్తళ్లు కుట్టే అడ్డాకులు తెచ్చి, పెరట్లో కూర్చుని గంజి తాగి, గంటసేపు కబుర్లు చెప్పి వెళ్లేది. "పోస్టమ్మగోరూ, పండక్కి రండి, మా మరిదిని ముంచెత్తీస్తాను సూద్దురు గానీ" అని ఆవిడే పిలిచింది. ఆ మరిది గంగన్న నాయుడు, ఊరిపెద్ద. అరవై ఏళ్లవాడు. తగువులొస్తే చుట్టుపక్కల నాలుగూళ్లవాళ్లు ఆయన అరుగు మీదికే వచ్చేవారు. అత్తయ్య వెంట గొడుగు పట్టుకుని నేనూ వెళ్లాను. అంతా నా కళ్లతో చూశాను. చూడలేదని, తెలియదని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఊరి బయట ఒక రాయి పక్కన నిలబడి అత్తయ్య ఆ రోజు ఆరు ఫొటోలు తీసింది. సగం రీలు. ఆవిడ లెక్కలో అది చాలా ఎక్కువ. మొదటి దాంట్లో ఖాళీ బాట, రెండు పక్కలా ముంతలు పట్టుకున్న చేతులు. ఒక చివర పదేళ్ల గుంట, గంగన్న నాయుడి కూతురు కొండమ్మ, తనకంటే పెద్ద ముంత పట్టుకుని నిలబడి ఉంది. రెండో దాంట్లో మగవాళ్లు వస్తున్నారు, భుజం మీది కావిడికర్రకి ఏమీ వేలాడడం లేదు. మూడో దాంట్లో బుద్రి పేడనీళ్లు సరిగ్గా నాయుడి నెత్తిన కుమ్మరిస్తోంది. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాయి, నోరు తెరుచుకుని ఉంది, చేతులు రెండూ పైకి లేచి ఉన్నాయి. నాలుగో దాంట్లో తడిసిన తలపాగా విప్పి దాంతో కొట్టడానికి బుద్రిని తరుముతున్నాడు, ఆవిడ చీర ఎత్తి పట్టుకుని పరుగు, ఇద్దరి నోళ్లూ నవ్వుతో విచ్చుకున్నాయి. అయిదో దాంట్లో అందరూ కూర్చుని ఆకు దొన్నెలతో తాగుతున్నారు, బుద్రి తన కొంగుతో మరిది వీపు తుడుస్తోంది. ఆరో దాంట్లో బాట మీద తడి మరక, దాన్ని వాసన చూస్తున్న కుక్క. ఆ రోజు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "నక్కనేనా కొట్నేదేటి నాయుడా, సిగ్గు నేదా?" అని బుద్రి అరిస్తే, "నక్కలన్నీ నీ మొగం సూసి పారిపోనాయి వదినా" అని ఆయన. ఊరు ఊరంతా పొట్టలు పట్టుకుంది.

నెల తరవాత ఫొటోలొచ్చాయి. అత్తయ్య ఆరూ పేజీ మీద అంటించి, వెనక పెన్సిలుతో అంకెలు వేసి, నాకు చూపించి మురిసిపోయింది. మూడో ఫొటో చూడగానే నాకు డెస్కు కార్డు గుర్తొచ్చింది. మరుసటి శుక్రవారం ఆవిడ సంతకి వెళ్లగానే, అన్నం వార్చిన గంజి ఆవిరి మీద ఆ పేజీ పట్టాను. అంటించిన కవరు ఆవిరికి ఎలా ఊడుతుందో పోస్టుమాస్టరు ఇంట్లో ఉండేవాడికి ఒకరు నేర్పక్కర్లేదు. మావయ్య కన్నెత్తి చూడని పని అది. మూడో ఫొటో మెల్లగా వచ్చేసింది. దాని కింద నేను రాసి పంపిన మాటలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. 'వేటలో ఓడినందుకు శిక్ష: గిరిజన పెద్ద నెత్తిన పేడనీళ్లు.' వదిన అని రాయలేదు. నవ్వు అని రాయలేదు. పండగ అన్న మాట వార్తలో ఎక్కడో చివర పెట్టాను, డెస్కువాళ్లు దాన్ని కత్తిరించారు. కత్తిరిస్తారని నాకు తెలుసు.

వారం తిరక్కుండా పేపర్లో వచ్చింది, లోపలి పేజీలో పైన, మూడు కాలాల వెడల్పున. ఫొటో కిందా వార్త పైనా నా పేరు. మావయ్య అన్నం దగ్గర కూర్చుని, అలవాటు కొద్దీ వెనక నించి తిరగేస్తూ ఆగిపోయాడు.

"ఒసే, మనోడి పేరు పడిందే! అంత పెద్దక్షరాలతో!" అని పేపరు తిప్పి చూపించాడు. ఆ తరవాత కళ్లజోడు సర్దుకుని, "ఇది నువ్వు తీసిన ఫొటో కాదేటి సరస్వతీ? కింద ఈడి పేరుందేటి?" అన్నాడు.

అత్తయ్య పేపరు వైపు చూసింది. అంతసేపు ఆవిడ దేన్నీ చూడగా నేను చూడలేదు. "వార్త రాసినోళ్ల పేరే వేస్తారండీ" అని ఆయన కంచంలో పప్పు వడ్డించింది. మావయ్య చెయ్యి కడుక్కుని వెళ్లాక నా దగ్గర కూర్చుంది.

"మూడోది ఒక్కటే తీసుకెళ్లావా?"

"ఒక్కటే అడిగారత్తయ్యా."

"అయితే నాలుగోది పంపలేకపోయావా?"

"నాలుగోదాంట్లో ఏముంది, నవ్వుతున్నాడు కదా" అన్నాను.

ఆవిడ లేచి మజ్జిగ గిన్నె తెచ్చింది. "పొయ్యనా?" అంది. పోయించుకుని తాగాను.

తరవాతి శుక్రవారం గంగన్న నాయుడు సంతకొస్తే కిందినించి వచ్చిన వర్తకులు దుకాణాల్లోంచి కేకలేశారు. "ఏటి నాయుడూ, ఈ వారం తానం అయిపోనాదేటి?" "కూకో కూకో, పేడ తెప్పిస్తాం!" ఆయన బెల్లం కొనకుండానే తిరిగి వెళ్లిపోయాడు. నేను పోస్టాఫీసు వరండాలోంచి చూశాను. ఇంకో వారానికి శిక్షల సంగతి విచారిస్తామని ఒక పోలీసు జీపు పనసవలస వెళ్లింది. వాళ్లకి భాష సరిగా అర్థం కాలేదు. నీళ్లు పోసింది ఎవరని అడిగితే బుద్రి నేనేనని నవ్వుతూ ముందుకొచ్చిందట. ఆవిణ్ణి జీపెక్కించుకుపోయి, పొద్దుగూకేదాకా ఒక వరండాలో కూర్చోబెట్టి, భయపెట్టి పంపేశారు. ఈ సంగతి నాకు మావయ్య ఉత్తరంలో తెలిసింది. ఎందుకంటే అప్పటికే నేను కొండ దిగిపోయాను. ఆ ఫొటో చూసి పత్రికవాళ్లు నన్ను ఉద్యోగంలోకి పిలిచారు. వెళ్లేటప్పుడు అత్తయ్య పసుపు కొమ్ములు మూట కట్టి ఇచ్చింది. పొద్దుటి బస్సులో గాలికి కప్పుకోమని తన శాలువా ఇచ్చింది.

ఉత్తరం చదివిన రోజు, డెస్కులో నా ఎదట సవరణలు వేసే పేజీ ప్రూఫే ఉంది. మూడు లైన్లు రాస్తే సరిపోయేది. రాస్తే నా మొదటి వార్తే అబద్ధమని నేనే చెప్పుకోవాలి. కొత్త ఉద్యోగం, రేపు చూద్దాం అనుకున్నాను. ఆ తరవాత ముప్పై ఏళ్లకి పైగా అక్కడే ఉన్నాను. ఏ సవరణ వెయ్యాలో ఏది అక్కర్లేదో నేనే తేల్చే కుర్చీలో కూడా కూర్చున్నాను. ఫొటోగ్రాఫర్లు తెచ్చిన ఇరవైలోంచి రోజూ ఒకటి ఏరాను. ఏరినప్పుడల్లా మిగతా పందొమ్మిదీ బల్ల మీద బోర్లా పెట్టేవాణ్ణి. పెళ్లిళ్లలో, కర్మల్లో అత్తయ్య కనిపించేది. నా పిల్లల చదువుల గురించి అడిగేది. ఆ ఫొటో మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆవిడ మరిచిపోయిందని కొన్నేళ్లకి నన్ను నేను నమ్మించుకున్నాను.

ఇప్పుడు తాడు విప్పిన రిజిస్టరులో ఆ ఆరు ఫొటోల పేజీ వచ్చింది. మూడో చోట మాసిన జిగురు చదరం, మిగతావి అలాగే ఉన్నాయి. పేజీ తిప్పాను. తరవాతి పేజీల్లో నాకు తెలియని వరస ఒకటి ఉంది. అదే బాట, అదే రాయి పక్కనించి తీసినవి, ఏడాదికి ఒక్కటి చొప్పున ఎనిమిది. మావయ్యకి బదిలీ అయ్యేదాకా అన్నమాట. అన్నీ పండగనాటివే, మగవాళ్ల భుజాల మీద విల్లులున్నాయి. మొదటి దాంట్లో వాళ్లు తలలొంచుకుని నడిచి వస్తున్నారు, ఆడవాళ్లు అటు తిరిగి నిలబడ్డారు, వీపులు తప్ప ఏమీ కనిపించవు. ఒక్క ముంతా లేదు. రెండో ఏడూ వీపులే. మూడో ఏడు గంగన్న నాయుడి వీపు వంగింది. అయిదో ఏడు ఆయన లేడు. ఎనిమిదో ఏడు కూడా వీపులే, వాటిలో ఒకటి బుద్రిదని భుజం బట్టి పోల్చుకున్నాను, జుట్టు పూర్తిగా నెరిసింది. వరస చదవడం నాకు నేర్పింది అత్తయ్యే కదా, చదివాను. ఆ జీపు వెళ్లినప్పటి నించీ ఆ ఊళ్లో పండగ చచ్చిపోయిందని, దాన్ని చంపింది నేనని, అత్తయ్య ఏటేటా వెళ్లి అది రాసి పెట్టిందని అర్థం చేసుకున్నాను. ఆ రాత్రికి జ్వరం వచ్చింది.

జ్వరం తగ్గాక, చైత్రం వెళ్లకముందే, రిజిస్టరు సంచిలో పెట్టుకుని కారు మాట్లాడుకుని వెళ్లాను. అనంతగిరి దాటాక దారి పొడుగునా కాఫీ బళ్లు, వెదురు బొంగుల్లో కోడి కాల్చే బళ్లు. ఒకచోట కారు దిగినవాళ్ల కోసం ధింసా ఆడేవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు, ఫొటోలు తీయించుకున్నవాళ్లు తీయించుకుంటున్నారు. అందరి చేతుల్లోనూ ఫోనులే. నెలరోజులు ఆగి ఆరు ఫొటోలు చూసుకున్న ఆవిడ గుర్తొచ్చి కిటికీ అద్దం ఎత్తేశాను. పనసవలసకి ఇప్పుడు సిమెంటు రోడ్డుంది. గంగన్న నాయుడి ఇల్లని అడిగితే చూపించారు. అరుగు మీద కొండమ్మ చింతపండు గింజ తీస్తోంది. ఆ పదేళ్ల గుంటకి ఇప్పుడు అరవై. పోస్టమ్మగారి మేనల్లుణ్ణి అన్నాను. చేతిలో పని ఆగింది.

"ఆ యమ్మ ఉన్నాదా?"

"మాఘంలో పోయింది."

ఆవిడ కూర్చోమని అనలేదు. నేనే కూర్చుని రిజిస్టరు తెరిచాను. మొదట ఆరు ఫొటోల పేజీ. ఒక్కొక్కటే వేలితో తడిమింది. నాలుగోది చూసి ఒక్కసారిగా ఫక్కున నవ్వింది. "మా పెద్దమ్మ! సూడు సూడు, ఎలా పరిగెడతన్నాదో! నాన్న దొరకబుచ్చుకున్నాడు కూడాను, గడ్డిమేటు కాడ!" తనని తను గుర్తుపట్టి ఇంకా నవ్వింది. నేను ధైర్యం తెచ్చుకుని పేజీ తిప్పాను. వీపుల వరస చూసి ఆ నవ్వు పోయింది.

"పండగ ఆగిపోయింది కదా, ఆ తరవాత" అన్నాను.

"ఆగిపోడమేటి? మొన్న మా అల్లుణ్ణి మరదళ్లు నిలువునా ముంచీసినారు."

"మరి ఇందులో ముంతలు లేవు. అందరూ అటు తిరిగి ఉన్నారు."

"ఆ యమ్మ వొచ్చినప్పుడు ఆపీసీవోళ్లం" అంది. "పండగనాడు వొచ్చి ఆ రాయి కాడ నిలబడీది. ముంతలు ఇంట్లో దాసీసి ఎనక్కి తిరిగిపోయీవోళ్లం. ఎవులూ రమ్మనీవోరు కాదు, నీళ్లు కూడా ఇచ్చీవోరు కాదు. ఒక్కటి తీసుకోని ఎల్లిపోయీది. ఎల్లినాక మొదలెట్టీవోళ్లం."

"ఎందుకు?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "ఎందుకేటి? మా నాన్నని పేపర్లో ఏసీసింది కదా. ఈ చుట్టుపక్కల కెమెరా ఇంకెవులికున్నాది? మా పెద్దమ్మ మొగం మీదే అడిగీసింది, 'మా ఊళ్లో అంబలి తాగి మమ్మల్ని అల్లరి పెడతావా' అని. నేను పక్కనే ఉన్నాను. తలొంచుకుంది. 'ఫొటో నాదే బుద్రీ' అంది. అంతే, ఇంకో మాట లేదు. అప్పట్నించి మా పెద్దమ్మ ఆ ఇంటికి ఆకులు ఎయ్యడం మానీసింది."

నేను నా జీవితంలో రెండోసారి ఆ బాటని తప్పుగా చదివాను. అత్తయ్య తీసింది పండగ చావుని కాదు. తనకి తలుపేసిన ఊరిని, ఆ వేసిన తలుపునే, ఎనిమిదేళ్లు వెళ్లి తీసింది. నా పేరు చెబితే ఒక్కరోజులో తీరిపోయేది. ఎందుకు చెప్పలేదో ఎవర్ని అడగను? నా ఉద్యోగం పోతుందనా, మావయ్య చెల్లెలి కొడుకుననా? లేక చెప్పవలసినవాడు చెప్పేదాకా ఆగుదామనుకుందా?

"అది పంపింది ఆవిడ కాదు, నేను" అన్నాను. "ఆవిడ ఇంట్లో లేనప్పుడు ఊడదీసుకుని పంపాను. కింద పేరు కూడా నాదే."

కొండమ్మకి కాసేపు అర్థం కాలేదు. "పేపర్లో నీ పేరు ఉన్నాదా?"

"ఉంది. పెద్దక్షరాలతో."

"మాకు సదువు రాదు కదా, బాబూ" అంది. "బొమ్మ సూసినాం."

ఆ మాట ఆవిడ కోపంగా అనలేదు. అని ఉంటే బాగుండేది. సంతలో ఆ పేపరు చదవగలిగిన వర్తకులు అంతమంది ఉన్నారు, ఒక్కడూ ఆ పేరు పైకి చదివి వినిపించలేదు. ఆవిడ ఒళ్లోని గింజలు దులుపుకుని లేచింది. వీధిలోకి నడిచి వాళ్లనీ వీళ్లనీ పేరుపేరునా కేకేసింది. బేగి రమ్మంది. పదిమంది దాకా ఆడవాళ్లు వచ్చి అరుగు చుట్టూ చేరారు, ఇద్దరు ముసలాళ్లు కర్రలు పట్టుకుని వచ్చారు.

"ఏటే, ఎవులీ ముసిలోడు? పింఛను రాసుకోడానికొచ్చినాడా?" అంది ఒకావిడ.

"పేపరోడు" అంది కొండమ్మ. నా వైపు తిరిగింది. "మా పెద్దమ్మ నేదు, నాన్న నేడు. ఈళ్లైనా ఇనాలి. నాకు సెప్పినట్టు గొణక్కు, నిలబడి సెప్పు."

నిలబడ్డాను. "పోస్టమ్మగారు..." అని మొదలుపెట్టాను.

"పోస్టమ్మ అని మేం అనుకున్నాం, పేరు తెలీక. పేరు నేదేటి ఆ యమ్మకి?" అంది కొండమ్మ అడ్డొచ్చి.

"సరస్వతి."

"అయితే అలగే సెప్పు."

"సరస్వతి ఈ ఊరి ఫొటో ఏదీ ఏ పత్రికకీ పంపలేదు" అని మళ్లీ మొదలుపెట్టాను.